దసరా రాత్రి ఇంట్లో మార్గరిటాలు: ముందు నిమ్మకాయల సంగతి చూడు

తమ్ముడూ, నువ్వు అడిగింది ముందు ఒకచోట పెడతాను, చదివే మిగతావాళ్లకూ అర్థమవుతుంది. హనుమకొండలో మీ ఇల్లు. దసరా రాత్రి డాబా మీద పన్నెండు మంది పెద్దవాళ్లు కూర్చుంటారు, అందులో ముగ్గురు మందు ముట్టరు. దుబాయ్ నుంచి వచ్చిన మీ బావ మెక్సికో మందు టెకీలా లీటరు సీసాలు రెండు తెచ్చాడు, ఒకటి తెల్లది, ఒకటి బంగారు రంగుది. ఆరెంజ్ లిక్కర్ (నారింజ రుచి తీపి మందు) లేదు, డ్రింకు ఊపి కలిపే షేకర్ లేదు, బ్లెండర్ బదులు మిక్సీ ఉంది. మూడు నాలుగు రకాల మార్గరిటాలు, అంటే టెకీలాలో నిమ్మరసం, తీపి కలిపిన డ్రింకులు చేయాలి, అందరికీ నచ్చాలి.

హైదరాబాద్ హోటళ్లలో బార్ కౌంటర్ వెనక చాలా ఏళ్లు పనిచేసి ఇప్పుడు వరంగల్‌లోనే ఉంటున్నాను. నేను చూసినంతలో ఇంట్లో మార్గరిటా చెడిపోయేది టెకీలా వల్ల కాదు. నిమ్మరసం వల్ల, ఐసు వల్ల. ఖరీదైన సీసా తెచ్చి, పొద్దున్న పిండిన రసమో, సీసాలో అమ్మే నిమ్మరసమో పోస్తే ఆ సీసా డబ్బులు దండగే. నీ దగ్గర మామూలు టెకీలా ఉన్నా సరే, నిమ్మకాయలు తాజాగా ఉండి ఐసు గట్టిగా ఉంటే నీ డ్రింక్ మంచి బార్‌లో ఇచ్చేదానికి తీసిపోదు.

పైగా ఈ విషయంలో మనం అదృష్టవంతులం. బయటి దేశాల్లో చాలా బార్లు వాడేది పెద్దగా, గింజలు లేకుండా ఉండే పర్షియన్ లైమ్. మెక్సికోలో ఇళ్లలో వాడే చిన్న నిమ్మ, మన సంతలో కుప్పపోసి అమ్మే కాగ్జీ నిమ్మ మాత్రం ఒకే జాతివి. ఆసియాలో పుట్టిన ఈ నిమ్మను స్పెయిన్ వాళ్లే అమెరికా ఖండానికి తీసుకుపోయారు. దీనికి పులుపూ, వాసనా రెండూ ఎక్కువ. అందుకే ఇంటర్నెట్‌లో దొరికే విదేశీ కొలతలు ఉన్నవి ఉన్నట్టు వేస్తే మన నిమ్మతో పుల్లగా తేలుతుంది. రసం కొంచెం తగ్గించాలి, లేదా తీపి కొంచెం పెంచాలి.

కాయలు ఎంచేటప్పుడు తొక్క పల్చగా, నున్నగా, పసుపు తిరుగుతున్నవి తీసుకో. నొక్కితే కాస్త మెత్తగా తగలాలి. ముదురు ఆకుపచ్చగా రాయిలా ఉన్నవాటిలో రసం తక్కువ. మధ్యరకం కాయకు పన్నెండు నుంచి పదిహేను మిల్లీలీటర్ల రసం వస్తుంది. మీ తొమ్మిది మందికి తలా రెండు గ్లాసులు, మందు ముట్టని ముగ్గురికి వేరే డ్రింకు, గ్లాసు అంచుకు రాయడానికి ముక్కలు, అన్నీ కలిపి నలభై కాయలు తెచ్చుకో. రసం ఆ సాయంత్రమే తీయాలి. ఫ్రిజ్‌లో పెడితే నాలుగైదు గంటలు బాగానే ఉంటుంది. తెల్లారేసరికి చేదు దిగి, వాసన చచ్చిపోతుంది. ఇంకో మాట, రసం ఎక్కువ రావాలని తొక్క నలిగిపోయేదాకా పిండకు. చివర్లో దిగేది తొక్క చేదే.

ఇక టెకీలా. సీసా మీద 100 శాతం అగావే అని రాసి ఉందో లేదో చూడు. ఉంటే అది పూర్తిగా నీలి అగావే మొక్క చక్కెరతో చేసినది. లేకపోతే అది మిక్స్‌టో, అంటే కనీసం 51 శాతం అగావే చక్కెర, మిగతాది వేరే చక్కెర. బంగారు రంగువి చాలావరకు ఈ రెండో రకమే, ఆ రంగు కారమెల్ కలిపినందుకు వచ్చేది. లేబుల్ మీద రెపొసాడో అని ఉంటే మాత్రం వేరు. దాన్ని చెక్క పీపాలో కనీసం రెండు నెలలు ఉంచుతారు, రంగు అందులోంచి వస్తుంది. మీ తెల్ల సీసా 100 శాతం అగావే అయితే దాన్ని ఏ పండూ కలపని క్లాసిక్ మార్గరిటాకు ఉంచు. బంగారు సీసా పండ్ల గుజ్జు కలిపే వాటికి, మిక్సీలో తిప్పే వాటికి వాడు. మంచి టెకీలాను జామపండు గుజ్జులో ముంచడం నాకు మనసొప్పదు.

అగావే అంటే కలబంద అనీ, బ్రహ్మజెముడు అనీ చాలామంది అనుకుంటారు. రెండూ కాదు. మన దగ్గర తాళ్లకు నార తీసే కిత్తనార ఉంది చూడు, ఆ కుటుంబం. మెక్సికోలో హాలిస్కో రాష్ట్రంలో, మరో నాలుగు రాష్ట్రాల్లోని కొన్ని ప్రాంతాల్లో తయారైతేనే టెకీలా అనాలి. మన దక్కన్ పీఠభూమిలో పెరిగే అగావేతో చిత్తూరు జిల్లాలో డెస్మండ్‌జీ పేరుతో మందు తయారు చేస్తున్నారు. దాన్ని టెకీలా అనకూడదు, అగావే స్పిరిట్ అంటారు. మార్గరిటాకు బాగా పనికొస్తుంది. మీ బావ తెచ్చే సీసాలు లేనప్పుడు అది ఎక్కడైనా దొరికితే సందేహించకుండా తీసుకో.

ఆరెంజ్ లిక్కర్ లేదన్నావు. ఆ రకంలో పేరున్న క్వాంత్రో సీసా ఖరీదు ఎక్కువ, ఒక్క రాత్రి కోసం కొనమని నేను చెప్పను. దాని బదులు సంత్రా తొక్క పాకం చేసుకో. నాగ్‌పూర్ నుంచి బల్లార్షా మీదుగా కాజీపేటకు రైలు దారే కదా, దసరా నాటికి కొత్త సంత్రాలు మన మార్కెట్‌కు రావడం మొదలవుతుంది. కొన్ని ఇంకా పచ్చగానే ఉంటాయి, ఫరవాలేదు, తొక్కలో నూనె బాగానే ఉంటుంది. ఆరు పండ్లు గోరువెచ్చని నీళ్లలో రుద్ది కడుగు. తొక్క ఒలిచి, లోపలి తెల్ల పొర చెంచాతో గీకేయ్, చేదంతా అందులోనే ఉంటుంది. తొక్కల్ని సన్నగా కోసి 200 గ్రాముల చక్కెర వేసి చేత్తో గట్టిగా పిసుకు. రెండు నిమిషాలకే చక్కెర తడిసి పసుపుపచ్చగా మారుతుంది, గది అంతా సంత్రా వాసన వస్తుంది. మూతపెట్టి నాలుగైదు గంటలు వదిలెయ్. తర్వాత ఆ పండ్లదే 150 మిల్లీలీటర్ల రసం పోసి, చక్కెర కరిగేదాకా కలిపి వడకట్టు. పొయ్యి మీద పెట్టకు, కాస్తే ఆ వాసన పోయి మార్మలేడ్ (నారింజ తొక్క జామ్) రుచి వస్తుంది. బత్తాయితో ఇది కుదరదు. బత్తాయిలో పులుపు తక్కువ, రసం నిల్వ ఉంటే చేదెక్కుతుంది.

క్లాసిక్ మార్గరిటా అసలు కొలత ఇది. ఒక గ్లాసుకు టెకీలా 45 మిల్లీలీటర్లు, సంత్రా పాకం 20, నిమ్మరసం 20. క్వాంత్రో లాంటి లిక్కర్ ఉంటే పాకం బదులు అదే 20 పోసి, దానికి తోడు ఒక చెంచా చక్కెర పాకం వేసుకోవాలి. మొదటి గ్లాసు చేశాక నువ్వే రుచి చూడు. నాలుక పక్కలు లాగేస్తే తీపి ఒక చెంచా పెంచు. షర్బత్‌లా అనిపిస్తే రసం పెంచు. కాయ కాయకూ పులుపు మారుతుంది కాబట్టి నా కొలత కన్నా నీ నాలుకనే నమ్ముకో.

షేకర్ లేదని టెన్షన్ పడకు. బిగుతుగా మూత పట్టే వెడల్పు మూతి స్టీల్ సీసా చాలు. గాజు సీసా వద్దు. ముప్పావు వంతు ఐసు వేసి, అన్నీ పోసి, పన్నెండు పదిహేను సెకన్లు గట్టిగా ఊపు. సీసా బయట మంచు పట్టి చెయ్యి జివ్వుమంటే అయిపోయినట్టు. ఈ ఊపుడులో ఐసు కరిగి డ్రింకులోకి కొంత నీళ్లు చేరతాయి. ఆ నీళ్లు అవసరమే, అవి లేకపోతే మందు ఘాటుగా గొంతు పట్టుకుంటుంది. వడకట్టి కొత్త ఐసు ఉన్న గ్లాసులో పొయ్యాలి, ఊపిన ఐసు మళ్లీ వాడకూడదు.

ఐసు గురించి గట్టిగా చెప్తున్నా. ఫ్రిజ్ ట్రేలో ఆ పూట గడ్డకట్టిన చిన్న ముక్కలు డాబా మీదికి తెచ్చేసరికే సగం నీళ్లు. రెండు రోజుల ముందు నుంచే ట్రేలు నింపి, గడ్డకట్టిన ముక్కల్ని కవర్లలో వేసి డీప్‌ఫ్రీజర్‌లో దాచు. చాలకపోతే తాగే నీళ్లతో చేసిన ప్యాకెట్ ఐసు కొను. చేపల మీద వేసే దిమ్మ ఐసు డ్రింకులో వెయ్యకు, దాన్ని సీసాలు చల్లబరిచే టబ్బులోకి మాత్రమే వాడుకో. మీ మందికి ఎనిమిది కిలోలైనా ఉండాలి.

ఉప్పు అంచు దగ్గర మన వరంగల్ గొప్పతనం చూపించొచ్చు. మెత్తటి టేబుల్ సాల్ట్ వద్దు, అది గ్లాసుకు ముద్దలా అతుక్కుని నోరంతా ఉప్పగా చేస్తుంది. దొడ్డుప్పు తీసుకుని రోట్లో రెండు దెబ్బలు వెయ్, రవ్వలా విరిగితే చాలు. క్లాసిక్‌కు ఉత్త ఉప్పే. పండ్లవాటికి అందులో చపాటా మిర్చి కారం కలుపు, మూడు పాళ్ల ఉప్పుకు ఒక పాలు కారం. చపాటా పొట్టిగా, లావుగా ఉండే మన ప్రాంతపు కాయ, టమాటా మిర్చి అని కూడా అంటారు. 2025లో దీనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఎర్రగా మెరిసే రంగు, చాలా తక్కువ కారం. గ్లాసు అంచుకు కావలసింది సరిగ్గా అదే. తేజ రకం కారం రాస్తే పెదవులు మండి, తాగే మనిషికి ఆ తర్వాత ఇంకే రుచీ తెలియదు. ఏనుమాముల మిర్చి మార్కెట్ ఉన్న ఊళ్లో ఉండి, మెక్సికన్ చిల్లీ సాల్ట్ ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాల్సిన పనేముంది. కారాన్ని పల్చటి బట్టలో జల్లించి గింజల పలుకులు తీసేయ్. నిమ్మ ముక్కతో గ్లాసు బయటి వైపు, అదీ సగం అంచుకే రాసి, పళ్లెంలో ఉప్పు మీద వాల్చి తిప్పు. లోపలికి ఉప్పు పోకూడదు. సగం వదిలేస్తే ఉప్పు వద్దనుకున్నవాళ్లు అటు నుంచి తాగుతారు.

ఇక రకాలు. క్లాసిక్ ఎలాగూ ఉంది. రెండోది టామీస్ మార్గరిటా. 1990 ప్రాంతంలో శాన్‌ఫ్రాన్సిస్కోలోని టామీస్ అనే మెక్సికన్ రెస్టారెంట్‌లో హూలియో బెర్మేహో చేసిన పద్ధతి. ఆరెంజ్ తీసేసి అగావే సిరప్ వేశాడు. అగావే సిరప్ లేకపోతే తేనెలో అంతే గోరువెచ్చని నీళ్లు కలిపి పెట్టుకో. టెకీలా 50, నిమ్మరసం 20, తేనె నీళ్లు 15. దీంట్లో దాచడానికి ఏమీ ఉండదు కాబట్టి తెల్ల సీసానే వాడాలి. విస్కీ రుచి తెలిసిన మీ పెద్దనాన్న లాంటివాళ్లకు నేనైతే ఇదే ఇస్తాను.

మూడోది జామపండు. ఈ కాలంలో జామ దండిగా వస్తుంది, లోపల ఎర్రగా ఉండే రకం దొరికితే ఇంకా మంచిది. బాగా పండిన కాయలు తొక్కతోనే ముక్కలు చేసి, నాలుగు కాయలకు ఒక గ్లాసు నీళ్లు పోసి మిక్సీ పట్టు. ఎక్కువసేపు తిప్పితే గింజలు నలిగి ఇసుకలా తగులుతాయి, రెండు తిప్పుళ్లు చాలు. జల్లెడలో గరిటెతో రుద్ది గుజ్జు తియ్. గ్లాసుకు బంగారు టెకీలా 45, జామ గుజ్జు 40, నిమ్మరసం 20, సంత్రా పాకం 15. అంచుకు చపాటా కారం ఉప్పు. చిన్నప్పటి నుంచి జామకాయకు ఉప్పూకారం అద్దుకు తిన్నవాళ్లం, మనవాళ్లకు ఇది పరిచయం చేయాల్సిన పని లేదు. ఒక్క దసరాకు ఒక్కటే రకం చెయ్యమంటే నేను దీన్నే ఎంచుకుంటాను.

నాలుగోది చింతపండు. మెక్సికోలోనూ చింతపండుతో మార్గరిటా చేస్తారు. పెద్ద నిమ్మకాయంత చింతపండు నానబెట్టి చిక్కగా పులుసు తీసి వడకట్టు. బెల్లానికి సమానంగా నీళ్లు పోసి కరిగించి, నలకలు పోయేలా వడకట్టు. గ్లాసుకు టెకీలా 45, చింతపండు గుజ్జు 25, బెల్లం పాకం 20, నిమ్మరసం 10. జీలకర్ర పొడి వెయ్యాలనిపిస్తుంది, వెయ్యకు. వేస్తే అది జల్‌జీరా అయిపోతుంది. బోటీ ఫ్రై, మటన్ వేపుడు పక్కన దీన్ని మించింది లేదు, మసాలా జిడ్డునంతా కోసేస్తుంది.

సీతాఫలం కాలం కదా, దాంతో చేద్దామా అని ఎవరో ఒకరు అడుగుతారు. నా మాట విని చెయ్యకు. నిమ్మరసం పడగానే సీతాఫలం మెత్తటి తీపి మాయమవుతుంది, ఇటు మార్గరిటా కాదు, అటు పండూ కాదు. కల్లులో టెకీలా కలిపే ప్రయోగమూ వద్దు. మంచి ఈతకల్లు దొరికితే దాన్ని దానిలాగే తాగాలి.

మిక్సీలో తిప్పే ఫ్రోజెన్ రకం గురించి. దీనికి పెద్ద పేరు తెచ్చింది డల్లాస్‌లో మరియానో మార్టినెజ్ అనే రెస్టారెంట్ యజమాని. 1971లో సాఫ్ట్ ఐస్‌క్రీమ్ యంత్రాన్ని మార్చి మార్గరిటా యంత్రం చేశాడు, అదిప్పుడు వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉంది. ఇంటి మిక్సీకి ఆ బలం లేదు. పెద్ద ఐసు ముక్కలు వేస్తే బ్లేడు, జార్ రెండూ దెబ్బతింటాయి, మోటార్ వేడెక్కుతుంది. ఐసును శుభ్రమైన మందపాటి బట్టలో మూటకట్టి చపాతీ కర్రతో చితక్కొట్టి వెయ్యి. అంతకన్నా మంచి దారి జామ గుజ్జును ముందు రాత్రే ట్రేలో పోసి గడ్డకట్టించడం. రెండు గ్లాసులకు ఆరేడు గుజ్జు ముక్కలు, ఒక కప్పు చితక్కొట్టిన ఐసు, టెకీలా 90, నిమ్మరసం 40 వేసి ఆపి ఆపి తిప్పు. ఇలా చేస్తే నీళ్లగా మారదు. పాకం మాత్రం మామూలు కన్నా ఒకటిన్నర రెట్లు వెయ్యాలి. బాగా చల్లటి దాంట్లో తీపి నాలుకకు తక్కువ తెలుస్తుంది.

పన్నెండు మందికి ఒక్కో గ్లాసూ ఊపుతూ కూర్చుంటే నీకు పండగ ఉండదు. క్లాసిక్‌ను జగ్గులో ముందే కలిపి పెట్టుకో. పది గ్లాసులకు టెకీలా 450, సంత్రా పాకం 200, నిమ్మరసం 200, దాంతోపాటు చల్లటి నీళ్లు 170 మిల్లీలీటర్లు. నీళ్లు ఎందుకంటే, ఇక్కడ ఊపడం లేదు కాబట్టి ఐసు నుంచి దిగాల్సిన నీళ్లు మనమే పొయ్యాలి. ఫ్రిజ్‌లో రెండు గంటలు ఉంచి, ఐసు ఉన్న గ్లాసుల్లో నేరుగా పోసుకోవడమే. ఐసును జగ్గులో వెయ్యకు. పాకాలు, ఉప్పు, ఐసు ముందు రోజు. పండ్ల గుజ్జు దసరా మధ్యాహ్నం. నిమ్మరసం జమ్మి పూజకు బయల్దేరే ముందు. ఉర్సు గుట్ట రంగలీల మైదానంలో రావణ దహనం చూసి వచ్చే సరికి ట్రాఫిక్‌లో ఆలస్యమవుతుంది, వచ్చాక కాయలు పిండుకుంటూ కూర్చోలేవు.

ఇంకేదైనా వైన్‌షాపులో కొనేది ఉంటే ముందే తెచ్చిపెట్టుకో. 2025లో దసరా సరిగ్గా అక్టోబర్ 2న, గాంధీ జయంతి రోజే వచ్చి షాపులు బంద్ అయ్యాయి. ఆ వారం క్యాలెండర్ చూసుకోవడం మంచిది.

ఇప్పుడు జాగ్రత్తగా చదవాల్సిన సంగతి. ఇది నిమ్మ షర్బత్‌లా దిగిపోతుంది, కానీ బలం తక్కువేమీ కాదు. టెకీలా 45, క్వాంత్రో 20 వేసిన గ్లాసులో దాదాపు 26 మిల్లీలీటర్ల ఆల్కహాల్ ఉంటుంది. మన విస్కీ 42.8 శాతం కాబట్టి 60 మిల్లీలీటర్ల పెద్ద పెగ్గులో ఉండేదీ అంతే. సంత్రా పాకంతో చేస్తే 18కి తగ్గుతుంది, నేను పాకం వైపు మొగ్గడానికి ఇది కూడా ఒక కారణం. మీ తొమ్మిది మందికి తలా రెండు చాలు, అంటే రెండు సీసాల్లో ఒక సీసాకు సరిపడా కూడా కాదు. మిగిలింది మిగలనీ, టెకీలా పాడవదు. బండి నడిపేవాళ్లకు చట్టంలో హద్దు వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు. క్వాంత్రో వేసిన ఒక్క గ్లాసుతోనే అది దాటొచ్చు. కాబట్టి కాజీపేట, వరంగల్ వైపు వెళ్లాల్సినవాళ్లు ఎవరి బండి ఎక్కుతారో మొదటి గ్లాసు పొయ్యకముందే తేల్చండి. లేదా పరుపులు సిద్ధం చెయ్యండి. 21 ఏళ్లు నిండని తమ్ముళ్లూ చెల్లెళ్లూ ఎంత అడిగినా వాళ్ల చేతికి ఇవ్వొద్దు.

మందు ముట్టని ముగ్గురి గురించి కూడా అంతే శ్రద్ధ పెట్టు. వాళ్ల ముందు కూల్‌డ్రింక్ సీసా పెట్టేస్తే అందరిలో వేరుగా కూర్చోబెట్టినట్టు ఉంటుంది. జామ గుజ్జు 60, నిమ్మరసం 20, సంత్రా పాకం 25, పైన సోడా, అదే చపాటా ఉప్పు అంచు. పిల్లలకూ ఇదే. మిక్సీ జార్‌లో ముందు వీళ్లది చేసి, తర్వాతే మందు కలిపేవి చెయ్. వీళ్ల గ్లాసులు వేరే ఆకారంలో ఉండేలా చూడు, చీకట్లో చెయ్యి మారితే కష్టం.

తినడానికి ప్రత్యేకంగా ఏమీ చెయ్యక్కర్లేదు. సర్వపిండి, మక్క గారెలు ఉంటే చాలు. నిమ్మా ఉప్పూకారం రుద్దిన కాల్చిన మక్క కంకి మెక్సికో వీధుల్లోనూ తింటారు. ఖాళీ కడుపుతో ఎవరినీ మొదలుపెట్టనివ్వకు, మొదటి గ్లాసుతో పాటే గారెల పళ్లెం తిరగాలి. గ్లాసుల మధ్యలో నీళ్లు కూడా అందిస్తూ ఉండు. సంత్రా పాకం మిగిలితే సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టు, వారం పది రోజులు ఉంటుంది, మర్నాడు అలయ్ బలయ్‌కి వచ్చేవాళ్లకు సోడాలో కలిపి ఇవ్వొచ్చు.